పసిపిల్లల పడకగదిలో రాత్రి దీపం

చీకటికి భయపడని పసిపిల్లలు అరుదు. దీపం ఆర్పగానే తల్లి కొంగు పట్టుకొనేవారు కొందరు. ముసుగు పెట్టుకొని, ఆ ముసుగులోని చీకటికి మాత్రం జంకకుండా పడుకొనేవారు కొందరు. అందుచేత పిల్లలున్న ఇంట రాత్రంతా ఒక చిన్న దీపం వెలుగుతూ ఉండడం మనవారికి ఎంతోకాలంగా అలవాటు. విద్యుత్తు రాకముందు గోడగూటిలో ఆముదపు దీపమో, వత్తి తగ్గించిన కిరసనాయిలు లాంతరో ఈ పని చేసేది. విద్యుత్తు వచ్చిన తరువాత ఆ స్థానాన్ని ‘జీరో బల్బు’ ఆక్రమించింది. నీలం, ఆకుపచ్చ, ఎరుపు రంగులు పూసిన ఆ బుల్లి బల్బును ‘బెడ్ లైటు’ అని కూడ అంటారు. ఇప్పుడు దాని చోటికి ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి.

ఈ దీపం ఉండవచ్చునా, కూడదా అన్న విషయంలో పెద్దలు తలొక మాట చెబుతారు. దీపం ఉంటే పిల్లల కళ్ళు చెడిపోతాయని కొందరు, నిద్ర సరిగా పట్టదని కొందరు, దీపం లేకపోతే పిల్లలు దడుచుకొంటారని మరికొందరు అంటారు. నిజానికి ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మొదటిది కంటికి సంబంధించినది. రెండవది నిద్రకు సంబంధించినది. మూడవది మనస్సుకు సంబంధించినది. మూడింటినీ ఒకే ప్రశ్నగా తీసికొంటే సమాధానం దొరకదు. విడివిడిగా పరిశీలిస్తే ఒక్కొక్కదానికి శాస్త్రజ్ఞులు ఏ సమాధానం చెప్పారో, ఎలా చెప్పగలిగారో సులభంగా తెలుస్తుంది.

ఫిలడెల్ఫియా పరిశోధన

దూరపు వస్తువులు మసకగాను, దగ్గరి వస్తువులు స్పష్టంగాను కనిపించడాన్ని హ్రస్వదృష్టి అంటారు. తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న విద్యార్థికి నల్లబల్లమీది అక్షరాలు కనబడక, ముందు బల్లకు మారితే కనబడుతున్నాయంటే ఉపాధ్యాయుడు అనుమానించవలసినది ఈ లోపాన్నే. సాధారణంగా కనుగుడ్డు ముందునుంచి వెనుకకు ఉండవలసినదానికంటె ఎక్కువ పొడవుగా పెరగడమే దీనికి కారణం. గుడ్డు పొడవైనప్పుడు దూరపు వస్తువునుంచి వచ్చే కిరణాలు వెనుకనున్న నేత్రపటలం మీద కాక, దానికి ముందే కేంద్రీకృతమవుతాయి. పుటాకార కటకంతో కళ్ళజోడు పెడితే ఆ కిరణాలు మళ్ళీ నేత్రపటలం మీదికి చేరుతాయి.

కనుగుడ్డు పెరుగుదలకూ వెలుతురుకూ సంబంధమున్నదని జంతువులమీద చేసిన ప్రయోగాలవల్ల తెలిసింది. రాత్రి అనేది లేకుండా ఎడతెగని వెలుతురులో పెంచిన కోడిపిల్లల కళ్ళు సహజంగా పెరగవు. మనుష్యుల విషయంలో కూడ ఇలాంటిదేమైనా ఉన్నదా అని అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి, ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రికి చెందిన గ్రాహమ్ క్విన్, రిచర్డ్ స్టోన్ మొదలైనవారు పరిశీలించారు. కంటి పరీక్షకు వచ్చిన 479 మంది పిల్లల తలిదండ్రులను వారు ఒక ప్రశ్న అడిగారు: ‘మీ బిడ్డకు రెండేళ్ళు నిండకముందు రాత్రులు ఏ వెలుతురులో నిద్రపోయేది?’

వచ్చిన సమాధానాలు ఆశ్చర్యం కలిగించాయి. చీకటిలో నిద్రించిన పిల్లలలో నూటికి 10 మందికి హ్రస్వదృష్టి ఉన్నది. గుడ్డిదీపం వెలుతురులో నిద్రించినవారిలో నూటికి 34 మందికి, గదిలోని పెద్ద దీపం వెలుగుతుండగా నిద్రించినవారిలో నూటికి 55 మందికి ఆ లోపం ఉన్నది. వెలుతురు పెరిగినకొద్దీ లోపమూ పెరిగిందన్నమాట. 1999 మే నెలలో ‘నేచర్’ పత్రికలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. దీపమే కారణమని తాము నిరూపించలేదని రచయితలు అందులోనే స్పష్టం చేశారు. అయినా మరిన్ని పరిశోధనలు జరిగేవరకు పసిపిల్లలను చీకటిలో నిద్రపుచ్చడం మంచిదన్నారు. వార్తాపత్రికలద్వారా లోకానికి చేరినప్పుడు ‘నిరూపించలేదు’ అన్న మాట వెనుకబడింది. ‘దీపంవల్ల కళ్ళు చెడతాయి’ అన్న మాట ముందుకు వచ్చింది. ఎందరో తల్లులు తాము చేతులారా బిడ్డల కళ్ళు చెడగొట్టామేమో అని బాధపడవలసివచ్చింది.

దీపమా, తలిదండ్రులా?

విజ్ఞానశాస్త్రంలో ఒక ఫలితం నిలవాలంటే, ఇతరులు వేరొకచోట పరిశీలించినప్పుడు కూడ అది కనబడాలి. పది నెలలు తిరిగేసరికి, 2000 మార్చిలో, అదే ‘నేచర్’ పత్రికలో రెండు సమాధానాలు వెలువడ్డాయి. ఒకటి ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన కార్లా జాడ్నిక్ బృందానిది. రెండవది బోస్టన్‌లోని జేన్ గ్వియాజ్డా బృందానిది.

జాడ్నిక్ బృందం పరిశీలించినది 1,220 మంది బడిపిల్లలను. శైశవంలో చీకటిలో నిద్రించినవారిలో నూటికి 20 మందికి, గుడ్డిదీపం వెలుతురులో నిద్రించినవారిలో 17 మందికి, పెద్ద దీపం వెలుతురులో నిద్రించినవారిలో 22 మందికి హ్రస్వదృష్టి ఉన్నట్లు తేలింది. ఈ మూడు సంఖ్యలకు మధ్య చెప్పుకోదగిన తేడా లేదు. గుడ్డిదీపంవారి సంఖ్య చీకటివారి సంఖ్యకంటె ఒకింత తక్కువగా కూడ ఉన్నది. బోస్టన్ పరిశీలనలోనూ దీపానికీ హ్రస్వదృష్టికీ సంబంధం కనబడలేదు.

అయితే ఈ పరిశోధకులు మొదటివారు అడగని ఒక ప్రశ్న అడిగారు: ‘తలిదండ్రులలో ఎందరికి హ్రస్వదృష్టి ఉన్నది?’ దానికి వచ్చిన సమాధానంలోనే చిక్కుముడి విడిపోయింది. హ్రస్వదృష్టిగల తలిదండ్రులే పిల్లల గదిలో దీపం ఎక్కువగా ఉంచుతున్నారని తేలింది. కళ్ళజోడు తీసి పడుకొన్నవారు రాత్రివేళ లేచి బిడ్డను చూసుకోవాలంటే వెలుతురు అవసరం కాబట్టి అలా చేస్తూ ఉండవచ్చు. ఇక హ్రస్వదృష్టి కొంతవరకు ఆనువంశికమన్న సంగతి ముందే తెలిసినది. తలిదండ్రులనుంచి పిల్లలకు సంక్రమించినది కంటిలోపం. ఆ తలిదండ్రులే గదిలో వెలిగించినది దీపం. రెండూ ఒకే ఇంటిలో కనబడడంచేత ఒకదానికి మరొకటి కారణమన్న భ్రమ కలిగింది.

ఒక లెక్క

దీపంవల్ల ఏ హానీ లేకపోయినా ఇంత భ్రమ ఎలా కలుగుతుందో ఒక చిన్న లెక్కవల్ల తెలుస్తుంది. ఇవి పరిశోధనలో వచ్చిన అంకెలు కావు. తరగతిలో నల్లబల్లమీద వేసుకోవడానికి ఊహించినవి మాత్రమే.

ఒక ఊరిలో 200 మంది పిల్లలున్నారనుకొందాం. వారిలో 100 మంది తలిదండ్రులకు హ్రస్వదృష్టి ఉన్నది. తక్కిన 100 మంది తలిదండ్రులకు లేదు. మొదటి రకం ఇళ్ళలో దీపమున్నా లేకపోయినా నూటికి 30 మంది పిల్లలకు, రెండవ రకం ఇళ్ళలో దీపమున్నా లేకపోయినా నూటికి 10 మంది పిల్లలకు ఆ లోపం వస్తుందనుకొందాం. అంటే దీపానికి ఏ ప్రభావమూ లేదని ముందే నిర్ణయించుకొన్నామన్నమాట. ఇప్పుడు మొదటి రకం ఇళ్ళలో 80 ఇళ్ళవారు దీపం పెడతారు, 20 ఇళ్ళవారు పెట్టరు. రెండవ రకం ఇళ్ళలో 20 ఇళ్ళవారు పెడతారు, 80 ఇళ్ళవారు పెట్టరు.

దీపమున్న పిల్లలు మొత్తం 100 మంది. వారిలో మొదటి రకం 80 మందిలో 24 మందికి, రెండవ రకం 20 మందిలో ఇద్దరికి, వెరసి 26 మందికి లోపం ఉంటుంది. దీపం లేని పిల్లలు కూడ 100 మందే. వారిలో మొదటి రకం 20 మందిలో ఆరుగురికి, రెండవ రకం 80 మందిలో 8 మందికి, వెరసి 14 మందికి లోపం ఉంటుంది. దీపమున్నచోట 26, లేనిచోట 14! తలిదండ్రుల సంగతి అడగనివాడు ఈ రెండు అంకెలను చూసి దీపంవల్లనే లోపం దాదాపు రెట్టింపయిందని తీర్మానిస్తాడు. తలిదండ్రులను బట్టి పిల్లలను రెండు జట్లుగా విడదీసి చూసినవాడికి మాత్రం ఆ తేడా మాయమైపోతుంది.

రెండు విషయాలు జంటగా కనబడినంతమాత్రాన ఒకటి కారణం, రెండవది కార్యం అనరాదు. రెండింటికీ వెనుక మూడవ కారణం ఉన్నదేమో విచారించాలి. క్విన్ మొదలైనవారు తప్పు అంకెలు చెప్పలేదు. అంకెలను విడదీయవలసిన ఒక పద్ధతి మిగిలిపోయింది. దానిని ఇతరులు పూర్తిచేశారు. శాస్త్రం ముందుకు సాగే తీరు ఇదే.

కళ్ళను నిజంగా కాపాడేది రాత్రి చీకటికంటె పగటి వెలుతురు అని తరువాతి పరిశోధనలు సూచించాయి. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో మొదటి తరగతి పిల్లలమీద చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2015లో వెలువడ్డాయి. కొన్ని బడులలో ప్రతిరోజు 40 నిమిషాలు అదనంగా పిల్లలను ఆరుబయట గడపనిచ్చారు. కొన్ని బడులలో మామూలుగా ఉంచారు. మూడేళ్ళలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు మామూలు బడులలో నూటికి 39.5, ఆరుబయట గడిపిన బడులలో నూటికి 30.4. కాబట్టి బిడ్డ కళ్ళను గురించి ఆందోళనపడే తలిదండ్రులు రాత్రి దీపాన్ని తిట్టడం మాని, పగలు ఆటస్థలం వైపు దారి చూపడం మంచిది.

చూపుకు పనికిరాని చూపు

మొదటి ప్రశ్నలో దీపం నిర్దోషి అని తేలింది. రెండవ ప్రశ్న నిద్రకు సంబంధించినది. ఇక్కడ దీపాన్ని అంత సులభంగా విడిచిపెట్టడానికి వీలులేదు.

నేత్రపటలంలో వెలుతురును గ్రహించే కణాలు రెండు రకాలని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. మసక వెలుతురులో పనిచేసేవి దండకణాలు. మంచి వెలుతురులో రంగులను చూపేవి శంకుకణాలు. అయితే మూడవ రకం కణాలు కూడ కొన్ని ఉన్నాయి. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ బెర్సన్ బృందం 2002లో వాటి పనితీరును వెల్లడించింది. ఆ కణాలలో మెలనోప్సిన్ అనే వర్ణద్రవ్యం ఉంటుంది. వాటి ముఖ్యమైన పని వస్తువులను చూపించడం కాదు. బయట పగలా, రాత్రా అన్న కబురు మెదడుకు అందజేయడం.

ఆ కబురు అందుకొనేది మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్‌లో ఉన్న రెండు చిన్న నాడీకణాల గుంపులు. శరీరానికంతకూ అదే గడియారం. ఆకలి వేళకు ఆకలి, నిద్ర వేళకు నిద్ర, తెల్లవారుజామున శరీరపు వేడి పెరగడం – ఇవన్నీ ఆ గడియారం ప్రకారం జరుగుతాయి. చీకటి పడినదని తెలిసిన తరువాత ఆ గడియారం పీనియల్ గ్రంథిచేత మెలటోనిన్ అనే హార్మోనును తయారు చేయిస్తుంది. ఈ హార్మోనును 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్, ఆయన సహచరులు వేరుచేశారు. మెలటోనిన్ మత్తుమందు కాదు. ‘రాత్రి వచ్చింది, ఇక విశ్రాంతికి సిద్ధపడవచ్చు’ అని శరీరానికి చాటే దండోరా వంటిది. కంటికి వెలుతురు సోకితే ఆ దండోరా ఆగిపోతుంది. బలమైన వెలుతురు మనుష్యులలో రాత్రివేళ మెలటోనిన్‌ను అణచివేస్తుందని ఆల్ఫ్రెడ్ లూయీ మొదలైనవారు 1980లో చూపించారు.

పసికళ్ళ ప్రత్యేకత

ఈ విషయంలో పిల్లల కళ్ళు పెద్దవారి కళ్ళవంటివి కావు. పిల్లల కంటిపాప పెద్దదిగా విచ్చుకొంటుంది. వారి కంటి కటకం స్వచ్ఛంగా ఉంటుంది. వయస్సు పెరిగినకొద్దీ కటకం పసుపు తిరిగి, నీలివెలుతురును కొంత అడ్డగిస్తుంది. కాబట్టి ఒకే గదిలో, ఒకే దీపం కింద తాతయ్య, మనుమడు కూర్చున్నా మనుమడి నేత్రపటలానికే ఎక్కువ వెలుతురు చేరుతుంది.

దీని ఫలితమేమో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మోనిక్ లెబూర్జ్వా బృందం పరిశీలించింది. 2018లో ప్రకటించిన ప్రయోగంలో 3 నుంచి 5 ఏళ్ళ పిల్లలు పదిమంది పాల్గొన్నారు. వారి ఇళ్ళ కిటికీలకు నల్లని తెరలు కట్టి, దీపాలు తగ్గించి, ఇంటిని మసకగా ఉంచారు. పిల్లలచేత దూదిని నమిలించి, ఆ లాలాజలంలో మెలటోనిన్ ఎంత ఉన్నదో కొలిచారు. మరునాటి సాయంకాలం నిద్రకు ముందు ఒక గంటసేపు ఆ పిల్లలు కిందినుంచి వెలుతురు వచ్చే బల్లమీద బొమ్మలు వేస్తూ ఆడుకొన్నారు. ఆ వెలుతురు సుమారు 1,000 లక్సులు. ఆ గంటలో మెలటోనిన్ నూటికి 88 వంతులు తగ్గిపోయింది. దీపం తీసివేసిన 50 నిమిషాల తరువాత కూడ చాలమందిలో అది తిరిగి కోలుకోలేదు.

అంత బలమైన వెలుతురు కాకుండా తక్కువదైతే ఏమవుతుంది? అదే బృందం 2022లో 36 మంది పిల్లలతో ఈ ప్రశ్నకు సమాధానం ప్రకటించింది. ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మోతాదు చొప్పున 5 లక్సుల నుంచి 5,000 లక్సుల వరకు వెలుతురును చూపించారు. 5 నుంచి 40 లక్సుల మధ్యనున్న మసక వెలుతురుకే మెలటోనిన్ సగటున నూటికి 78 వంతులు తగ్గింది.

ఈ అంకెలను చూసి వెంటనే ఇంటిలోని గుడ్డిదీపాలన్నీ పీకివేయనక్కరలేదు. ప్రయోగంలో ఏమి జరిగిందో జాగ్రత్తగా గమనించాలి. ఇల్లు మసకగా ఉంచడంవల్ల ఆ పిల్లల కళ్ళు వెలుతురుకు మరింత సున్నితమై ఉంటాయి. అంతేకాక వారు మేలుకొని, వెలుతురుకేసి చూస్తూ ఆడుకొన్నారు. గదిమూల నేలదగ్గర వెలిగే చిన్నదీపం వెలుతురు నిద్రించే బిడ్డ మూసిన కనురెప్పలమీద పడడం వేరు. అది కూడ 5 లక్సులకంటె ఎంతో తక్కువ కావచ్చు. కాబట్టి ఈ ప్రయోగం తప్పుపట్టేది రాత్రంతా వెలిగే గుడ్డిదీపాన్ని కాదు. నిద్రకు ముందటి గంటలో ఇల్లంతా వెలిగే పెద్దదీపాలను, ముఖం ముందు పెట్టుకొనే టెలివిజను, ఫోను తెరలను. రాత్రి పది గంటలదాకా ట్యూబులైట్ల వెలుతురులో ఆడించి, తరువాత గుడ్డిదీపంకూడ ఆర్పివేసి, ‘ఇంకా నిద్రపోలేదేమి?’ అని బిడ్డను గద్దించడంలో న్యాయం లేదు.

వెలుతురు కొలత

ఒక తలంమీద పడే వెలుతురును లక్సులలో కొలుస్తారు. మామూలు కొవ్వొత్తిని ఒక మీటరు దూరంలో ఉంచితే, దానివల్ల పడే వెలుతురు సుమారు 1 లక్సు. మంచి ఎండలో అది లక్ష లక్సులకు చేరుతుంది. ఇంటిలో రాత్రి దీపాల వెలుతురు సాధారణంగా ఒకటి రెండు వందల లక్సులు. నిండు పున్నమి వెన్నెల పావు లక్సుకు అటూ ఇటూగా ఉంటుంది. అనాదిగా మనుష్యులు ఆరుబయట మంచాలు వేసికొని నిద్రించిన వెలుతురు అదే.

దీపం దూరం రెట్టింపయితే వెలుతురు సగం కాదు, నాలుగవ వంతు అవుతుంది. దూరం మూడింతలయితే తొమ్మిదవ వంతు అవుతుంది. పదవ తరగతి విద్యార్థికి ఈ విలోమవర్గ సూత్రం పరీక్షలో మార్కులకే కాక ఇంటిలోని తమ్ముడి నిద్రకుకూడ పనికివస్తుంది. తలవైపు ఒక మీటరు దూరంలో ఉన్న 1 లక్సు దీపాన్ని మూడు మీటర్ల దూరంలోని మూలకు మారిస్తే బిడ్డ ముఖంమీద పడేది 1 లక్సులో తొమ్మిదవ వంతే. అది వెన్నెలకంటె తక్కువ. అయినా చీకటికి అలవాటుపడిన కంటికి తలుపు, మంచం, నీళ్ళచెంబు కనబడడానికి ఆ వెలుతురు చాలు.

నీలిదీపం, ఎర్రదీపం

మన ఇళ్ళలో పడకగదికి నీలిరంగు బల్బు పెట్టడం పరిపాటి. నీలిరంగు చల్లదనాన్ని, ప్రశాంతతను కలిగిస్తుందని పెద్దల నమ్మకం. కాని మెలనోప్సిన్ అత్యధికంగా స్పందించేది సుమారు 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంగల నీలివెలుతురుకే. ఎరుపుకు అది దాదాపు స్పందించదు. అంటే మనస్సుకు చల్లగా తోచే రంగే గడియారానికి ‘పగలు’ అని చెబుతున్నది.

పాత జీరో బల్బు విషయంలో ఈ దోషం అంతగా బయటపడలేదు. దానిలో వెలిగేది టంగ్‌స్టన్ తీగ. కాలుతున్న తీగ ఇచ్చే వెలుతురులో ఎరుపు ఎక్కువ, నీలం చాలా తక్కువ. గాజుకు పూసిన నీలిరంగు ఆ ఎరుపును ఆపివేసి, ఉన్న కొద్దిపాటి నీలాన్ని బయటికి పంపేది. అందుకే ఆ దీపం అంత గుడ్డిగా ఉండేది. ఎల్.ఇ.డి. అలా కాదు. నీలి ఎల్.ఇ.డి. నేరుగా నీలివెలుతురునే పుట్టిస్తుంది. తెల్లని ఎల్.ఇ.డి. దీపంలోకూడ లోపల ఉన్నది సాధారణంగా నీలి ఎల్.ఇ.డి.యే, దానిమీద పూసిన పసుపు పదార్థంవల్ల అది తెల్లగా కనబడుతుంది. పాతబల్బు పోయి కొత్తదీపం వచ్చినప్పుడు రంగుపేరు మారలేదుగాని వెలుతురు స్వభావం మారింది. కాబట్టి పిల్లల గదికి నీలం, చల్లని తెలుపు మాని, ఎరుపు గాని నారింజరంగు గాని ఎన్నుకోవాలి.

జీరో బల్బు పేరునుబట్టి అది విద్యుత్తు వాడదని అనుకొనేవారు. నిజానికి అది సుమారు 15 వాట్లు వాడేది. రోజుకు పది గంటలు వెలిగితే నెలకు 4.5 యూనిట్లు ఖర్చు. అర వాటు ఎల్.ఇ.డి. దీపానికి అదే లెక్కన 0.15 యూనిటు చాలు. ముప్పయ్యవ వంతన్నమాట.

భయం సంగతి

ఇక మూడవ ప్రశ్న. మూడు నాలుగు నెలలలోపు శిశువుకు చీకటి భయమంటూ లేదు. ఆ వయస్సులో శరీరపు గడియారమే ఇంకా కుదుటపడి ఉండదు; పుట్టిన రెండు మూడు నెలలకు గాని రాత్రి మెలటోనిన్ క్రమం ఏర్పడదు. అందుచేతనే శిశువుకు పగలు వెలుతురు, రాత్రి చీకటి స్పష్టంగా తెలిసేటట్లు ఉంచడం మంచిది. ఆ దశలో రాత్రి దీపం అవసరమయ్యేది బిడ్డకు కాదు. పాలివ్వడానికి, పక్కగుడ్డ మార్చడానికి లేచే తల్లికి. ఆమె మసకదీపంతో పని ముగించుకొంటే బిడ్డ తిరిగి త్వరగా నిద్రపోవడానికి అనుకూలంగా ఉంటుంది.

రెండేళ్ళు దాటిన తరువాత పిల్లలలో ఊహాశక్తి విజృంభిస్తుంది. కర్రను గుర్రంగా చేసే ఊహే చీకటిలో కొక్కేనికి వేలాడే చొక్కాను బూచాడుగా చేస్తుంది. ఇది పిరికితనం కాదు, రోగం కాదు. మనస్సు ఎదుగుతున్నదనడానికి గుర్తు. ‘అన్నం తినకపోతే బూచాడికి ఇచ్చేస్తాను’ అని పగలు బెదిరించిన పెద్దలు, రాత్రి ఆ బూచాడు లేడని చెబితే బిడ్డ నమ్మడు. భయపడుతున్న పిల్లవాడిని బలవంతంగా చీకటిలో పడవేయడంవల్ల భయం పోదు. దడదడలాడే గుండెతో మేలుకొని ఉన్న బిడ్డకు చీకటి ఉన్నా నిద్ర ఉండదు. అటువంటప్పుడు ఒక మసక నారింజదీపం మేలే చేస్తుంది. భయం తగ్గినకొద్దీ దీపాన్ని దూరంగా జరుపుతూ, చివరకు వరండాలో ఉంచి తలుపు ఓరగా వేసేదాకా రావచ్చు. పగటిపూట తలుపులు మూసి దీపంముందు చేతులతో లేడి, కుందేలు నీడలు గోడమీద ఆడించడంకూడ మంచి మందు. నీడను తానే చేయగలనని తెలిసిన బిడ్డకు నీడంటే భయముండదు.

ఆచరణలో

పైన చెప్పినదానినిబట్టి కొన్ని సూచనలు చేయవచ్చు.

నిద్రకు ఒక గంట ముందునుంచే ఇంటిలోని పెద్దదీపాలు తగ్గించాలి. పిల్లల ఎదుట తెరలు ఆర్పివేయాలి. బిడ్డ భయపడకుండా చీకటిలో నిద్రపోతుంటే దీపం అవసరమే లేదు. భయపడుతుంటే ఎరుపు లేక నారింజరంగు మసకదీపం ఉంచవచ్చు. దానిని నేలకు దగ్గరగా, బిడ్డ కంటికి నేరుగా కనబడనిచోట, మంచానికి దూరంగా అమర్చాలి. మంచంమీది నుంచి వార్తాపత్రికలోని చిన్న అక్షరాలు సులభంగా చదవగలిగితే ఆ దీపం అవసరానికి మించినదే. రాత్రి బిడ్డను లేపి మరుగుకు తీసికొనిపోయేటప్పుడుకూడ పెద్దదీపం వేయకుండా ఆ మసక వెలుతురుతోనే సరిపెట్టుకోవాలి.

దీపంవల్ల ప్రమాదం రాకుండా చూసుకోవడం అన్నింటికంటె ముఖ్యం. కిరసనాయిలు బుడ్డి నిద్రించే గదిలో ఉంచరాదు. అది దొర్లితే మంట, దొర్లకపోయినా పొగ. విద్యుద్దీపాన్ని తెరలకు, దోమతెరకు తగిలేటట్లు పెట్టకూడదు. బొత్తాములవంటి చిన్న బ్యాటరీలతో వెలిగే బొమ్మదీపాల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. ఆ బ్యాటరీని పసివాడు మింగితే గొంతులో ఇరుక్కొని కొద్ది గంటలలోనే లోపల కాల్చివేస్తుంది. మూత మరచుట్టి బిగించని దీపాన్ని పిల్లల చేతికి ఇవ్వరాదు.

ఒక దీపం మంచిదా చెడ్డదా అని అడిగితే శాస్త్రం ‘ఎంత వెలుతురు, ఏ రంగు, ఏ వేళ, ఏ వయస్సు?’ అని తిరిగి అడుగుతుంది. ఈ నాలుగు ప్రశ్నలు వేయడం తెలిసిన విద్యార్థి తన ఇంటి పడకగదినే ప్రయోగశాలగా చేసికోగలడు. రాత్రంతా దీపముంచినందుకు బిడ్డ కళ్ళు పోగొట్టానేమో అని కుమిలిపోయే తల్లి ఎక్కడైనా ఉంటే, ఆ తప్పు ఆమెది కాదని చెప్పగల అధికారం కూడ అతనికి వస్తుంది.